సలోమికి నేను చదివి వినిపించని మాటలు

ఒక ఆడమనిషి నోట్లోంచి నేను కథ లాగేశాను. ఈ బరువు ఇన్నేళ్లూ మోశాను. ఎవరినీ చంపలేదు. దొంగతనం చేయలేదు. ఎవరి కాపురమూ కూల్చలేదు. చదివాను, అంతే. తప్పుగా చదివాను. తెలిసి తెలిసి, ఇష్టపడి, తప్పుగా చదివాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో విప్పేదాన్ని. నా పేరు అడగకండి. ఆమె పేరు కూడా మార్చాను, సలోమి అనుకుందాం. ఊరు మాత్రం మార్చలేను. ఇది మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరిగే పని కాదు.

మాది భిలాయి. సెక్టర్ 2లో క్వార్టరు. మా ఆయన ఉక్కు ప్లాంటులో ఆఫీసరు. నేను విజయనగరంలో తెలుగు ఎమ్మే చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చాను. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి తెలుగు నోటికి వస్తుంది, కంటికి రాదు. హిందీ కలిపి గలగలా మాట్లాడతారు. అక్షరాలు చూపిస్తే తెల్లమొహం వేస్తారు. అందుకని ప్రతి వీధికీ తెలుగు చదివిపెట్టే మనిషి ఒకరుంటారు. మా వీధికి నేను. ఊరినుంచి శుభలేఖ వస్తే నా దగ్గరికి తెస్తారు. పంచాంగం చూడాలన్నా నా దగ్గరికే. ఒకసారి పక్క వీధి కోడలు పెద్దకర్మ కార్డు పట్టుకొచ్చింది, పోయింది ఎవరో నేను చెప్తేగాని ఏడవలేదు. చదువుతున్నంతసేపూ అందరూ కాగితం వైపు కాదు, నా మొహం వైపు చూస్తారు. ఆ చూపంటే నాకు చాలా ఇష్టం. ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి ఇది కూడా ఒప్పుకుంటున్నాను.

సలోమిది మా వెనక క్వార్టరు. ఇక్కడే పుట్టింది, తెలుగు అక్షరాలు రావు. వాళ్ల నాన్న రైల్వే గార్డు, నందిని గనుల నుంచి సున్నపురాయి తెచ్చే గూడ్సు బండ్లమీద వెళ్లేవాడు. ఆయన చర్చి మనిషి, తల్లి హిందువు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్లు. ఇద్దరూ పోయారు. భర్త ప్లాంటులో ఆపరేటరు. సలోమి ముందుగదిలో చిన్న పార్లరు నడిపేది. కనుబొమలు తీయించుకోవడానికి ఎంతమంది వచ్చేవారో, ఆమె కబుర్లు వినడానికి అంతమంది వచ్చేవారు. దారం ఒక చివర పళ్ల మధ్య పట్టుకునే కథ చెప్పేది. కుర్చీలో ఉన్నవాళ్లు నవ్వితే కనుబొమ వంకర పోతుందని తనే అరిచేది, మళ్లీ తనే నవ్వించేది.

ఆ కబుర్లలో ఒక కథ పెరుగుతూ వచ్చింది. ముగ్గురు తోటికోడళ్లు గృహప్రవేశానికని ఇంట్లో అబద్ధం చెప్పి భీమిలి వెళతారు. సముద్రం పక్కన నాలుగు రోజులుంటారు. పీతలు తింటారు, పోట్లాడుకుంటారు, అత్తగారి ఫోనొస్తే వెనక అలల చప్పుడు వినబడకుండా బాత్‌రూములోకి దూరి మాట్లాడతారు. అంతే కథ. అందులో గొప్ప విషయమేమీ లేదు. సెలవుల్లో పడక్కుర్చీలో కూర్చుని చదివి పక్కన పడేసే రకం. సలోమి ఫోనులో చెప్పి పంపేది, నేను విని తెలుగులో రాసి కథల యాప్‌లో వారానికో భాగం పెట్టేదాన్ని. నోరు ఆమెది, చెయ్యి నాది. పేరు మాత్రం ఆమెదే పెట్టాను. అప్పటికి నా మనసులో విషం లేదు. లేదనే అనుకుంటున్నాను. ఈ చదువురాని పిల్లకి నేను దారి చూపిస్తున్నాను అన్న గర్వం మాత్రం ఉంది. ఆ గర్వంలోనే విషం ఉందేమో, అది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను కూడా కథలు రాశాను. పెళ్లికి ముందునుంచీ రాశాను. పత్రికలకి పంపాను. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని తిరిగి కూడా రాలేదు. సంపాదకులకి అభిరుచి లేదని మా ఆయనతో అనేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదీ నా సంగతి.

సలోమి కథ పెట్టిన రెండో వారం నుంచి అభిప్రాయాలు రావడం మొదలైంది. ఒకటీ అరా కాదు, కుప్పలు. అందరూ మెచ్చుకోలేదు. సగానికి సగం తిట్లే. మొగుళ్లకి అబద్ధం చెప్పి సముద్రం ఒడ్డున షికార్లా, ఇదేనా మన ఇళ్లల్లో ఆడవాళ్లు నేర్చుకోవాల్సింది అని ఒకరు. సముద్రం సంగతి ఒక్క ముక్క లేదు, అస్తమానూ తిండి గోలే అని ఇంకొకరు. బుర్రకి పని లేదు, పప్పు ఉడికేలోగా చదివేయొచ్చు అని ఒకావిడ రాస్తే, దానికింద మరొకావిడ అయితే మీ పప్పు మాడిపోయి ఉంటుంది, నేను మాత్రం పొయ్యి ఆపేసి చదివాను అని రాసింది. కథేమీ లేదు, అయినా ఎందుకో ఆపలేకపోయాను అని ఒక ముసలాయన. వాళ్లలో వాళ్లే తగువులాడుకునేవారు. తిట్టేవాళ్లు కూడా చివరి వాక్యం దాకా చదివి తిట్టేవారు. అంతకంటే అదృష్టం ఏముంటుంది రాసేవాళ్లకి? నా కథని ఎవరూ తిట్టను కూడా లేదు.

సలోమి వాటిని చదవలేదు. యాప్ నా ఫోనులో ఉంది. ఒకసారి వాళ్లాయన ఏదో అనువాదం నొక్కి చూపిస్తే వచ్చిన హిందీకి ఇంటిల్లిపాదీ నవ్వారట. నువ్వే సదవాలక్కా అంది సలోమి. ప్రతి సాయంత్రం పార్లరు మూసి వెనక గుమ్మంలోంచి వచ్చేది. వేడివేడి చీలాలు, ఇక్కడి బియ్యప్పిండి అట్లు, మూతపెట్టిన గిన్నెలో తెచ్చేది. వంటింటి గడప మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా మొహంకేసి చూసేది.

మొదటి వారం ఉన్నదున్నట్టు చదివాను. తిట్లకి నవ్వేది, పొగడ్తలకి చెవులదాకా ఎర్రబడేది. నేను కూడా నవ్వాను. అది అబద్ధం కాదు.

తర్వాత ఒక సాయంత్రం ఒక అభిప్రాయం వచ్చింది. "పెద్దకోడలు పాత్ర అదిరింది. అందరి మాటల్లో తప్పులు దిద్దుతుంది, ఇసుకలో కూడా చెప్పులు విప్పదు. ఇలాంటి ఆవిడ ప్రతి వీధిలో ఒకరుంటారు." అప్పుడు వెలిగింది నాకు. చెప్పులు విప్పనిది నేను. చిన్నప్పటి నుంచీ సముద్రానికి వెళ్లినా చెప్పులు విప్పనని నేనే సలోమితో చెప్పాను. తప్పులు దిద్దేదీ నేనే. ఆ పాత్రని అక్షరం అక్షరం నా చేత్తో నేనే రాశాను, రాస్తూ నవ్వాను కూడా. ఊరూపేరూ తెలియని జనం అంతా నన్ను చూసి నవ్వుతున్నారు. నా చేతే నన్ను రాయించింది, ఈ రైల్వే పిల్ల.

ఆ మాటలు మింగేసి కిందకి జరిపాను. తర్వాతిది తిట్టు. దాన్ని గట్టిగా చదివాను.

అలా మొదలైంది. ఎంత సులువో మీకు చెప్తే భయం వేస్తుంది. మొదట్లో ఒక్క మాట కూడా కల్పించలేదు. వదిలేశానంతే. "సాగదీశారు కానీ పీతల కూర దగ్గర నవ్వాపుకోలేకపోయాను" అని ఉంటే "సాగదీశారు" దగ్గర ఆగేదాన్ని. "కథేమీ లేదు" అని చదివి గుటక వేసేదాన్ని. జాలి పడుతున్నట్టు ఒక్కోసారి నిట్టూర్చేదాన్ని. పొయ్యి ఆపేసిన ఆవిడని పూర్తిగా మింగేశాను. పార్లరులో పొగిడేవాళ్ల మాట నమ్మకు, మొహం మీద ఎవరైనా పొగుడుతారు, ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిందే నిజం అని నేర్పించాను. పెద్దదాన్ని కదా, మంచి చెప్పాలి కదా.

చదువుతూ కళ్లద్దాల పైనుంచి ఆమెను చూసేదాన్ని. మొదట నవ్వు ఆలస్యంగా వచ్చేది. తర్వాత సగమే వచ్చేది. తర్వాత కళ్లు నా మొహం మీంచి గడప మీదకి దిగేవి. నాకు ఎలా ఉండేది అంటారా? హాయిగా ఉండేది. మీ దగ్గర దాచి ఏం లాభం. రోజంతా ఆ సాయంత్రం కోసం ఎదురుచూసేదాన్ని. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ పిల్లి ఎమ్మే చదివింది, అంతే తేడా. చదువు అయ్యాక ఆమె తెచ్చిన చీలాలే తినేదాన్ని, పచ్చిమిరప కాస్త ఎక్కువైందని దానికో వంక పెట్టి.

సలోమి చెప్పే భాగాలు చిన్నవైపోయాయి. ఫోనులో గొంతు తడబడేది. ఇది బాగుంటాదంటావా అక్కా అని మధ్యలో అడిగేది. ముందైతే అలా అడిగే మనిషి కాదు. చూద్దాం అనేదాన్ని. కథ అప్పటికి మూడో రోజు దాటింది. ముగ్గురూ ఇంకా ఇల్లు చేరాలి, అత్తగారికి సంగతి తెలిసిపోవాలి. ముగింపు ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం వానగా ఉంది. సలోమి ఖాళీ చేతులతో వచ్చింది. ఫోను తీశాను. అన్నిటికంటే పైన ఒక అమ్మాయి రాసింది ఇది. "హాస్పిటల్లో మా అమ్మకి రోజూ చదివి వినిపిస్తున్నాను. మందు వేసినా నిద్రపోని మనిషి, పీతల కూర దగ్గర పడీపడీ నవ్వింది. ఇంకా చదవమంటోంది. తర్వాతి భాగం త్వరగా పెట్టండి. మాకు ఎక్కువ టైము లేదు."

ఇది వదిలేయడం కుదరదనుకున్నాను. ఇలాంటి మాట జీవితంలో ఒక్కసారి వినబడితే చాలు, ఏ మనిషీ ఇక రాయడం ఆపదు. నాకు ఎవరూ అనని మాట. అనబోని మాట. సలోమి చూస్తోంది. నేను చదివాను.

"హాస్పిటల్లో మా అమ్మకి చదివి వినిపించాను. పీతల కూర దగ్గర అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఇంక చాలు, ఆపెయ్ అంది. మాకు ఎక్కువ టైము లేదు."

ఆఖరి వాక్యం నేను మార్చలేదు. మార్చాల్సిన పని లేకపోయింది.

సలోమి ఖాళీ చేతులకేసి చూసుకుంది. తర్వాత అడిగింది.

"సచ్చిపోయే మనిషి కూడా వొద్దన్నాదా అక్కా?"

"రాసింది చదివాను. నాదేముంది?"

"నీదేటి తప్పు? నువ్వు ఉన్నదున్నట్టు సదువుతావు, నాకదే భరోసా. మిగతావోళ్లంతా మొహం మీద వాహ్ వాహ్ అంటారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్కటి సెప్పు. పెద్దకోడలు కూడా ఎవరికీ నచ్చనేదా?"

"ఆవిడ గురించి ఎవరూ ఏమీ రాయలేదు."

"ఆవిడ నువ్వేనక్కా. నీకు తెలిసిపోనాదనుకున్నాను. ఆఖర్న అత్త ముందర ఆవిడే నిలబడతాది. ఈ పిల్లలదేటీ నేదు, తప్పంతా నాదే, నేనే తీసుకెళ్లేనంటాది. మా అమ్మ పోనాక నా ఎనకాల అలగ నిలబడే మనిషి ఎవరున్నారా అని సోచించుకుంటే నువ్వే కనిపించేవు. అందుకే కథలో ఎట్టేను."

నేను కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచాను.

"తీసీ అక్కా. మొత్తం తీసీ. ఛోడో, మనకెందుకివన్నీ."

అప్పుడు చెప్పొచ్చు. అదే సమయం. ఆగు సలోమీ, మళ్లీ చదువుతాను, తప్పు చదివాను అంటే సరిపోయేది. కళ్లజోడు మసకగా ఉందని అబద్ధం చెప్పినా సరిపోయేది, ఆమె నమ్మేది, నేనేం చెప్పినా నమ్మేది. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నన్ను అంత మంచిదాన్నిగా చూస్తోందని తెలిసిన క్షణంలోనే నేను అలాంటిదాన్ని కానని ఎలా చెప్పను? చూడండి, అప్పుడు కూడా నా మంచి పేరే చూసుకున్నాను. కథ తొలగించాలా అని యాప్ అడిగింది. నిజంగా తొలగించాలా అని మళ్లీ అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. కథతోపాటు అభిప్రాయాలన్నీ పోయాయి. సలోమి లేచి, థాంక్యూ అక్కా అని, వానలోనే వెళ్లిపోయింది.

థాంక్యూ అంది నాకు.

కొన్నాళ్లకి ఆ హాస్పిటల్ అమ్మాయి నుంచి యాప్‌లో సందేశం వచ్చింది. వాళ్లమ్మ పోయిందట. ఆఖరి రోజుల్లో కూడా ఆ ముగ్గురూ ఇంటికెళ్లాక ఏమైందే అని అడిగేదట. తనకి తోచిన ముగింపేదో చెప్పిందట. "అసలు ముగింపు ఏంటండీ? నాకైనా చెప్తారా?" అని రాసింది. ఆ ముగింపు తెలిసిన మనుషులం లోకంలో ఇద్దరమే. ఒకరికి ఈ ప్రశ్న వచ్చిందని తెలియదు. రెండోదాన్ని నేను. జవాబు ఇవ్వలేదు. ఏమని రాయను? పెద్దకోడలు నిలబడి తప్పంతా నాదే అంటుందండీ అని నేను రాయాలా? సందేశం చెరిపేశాను. పుట్టెడు దుఃఖంలో ఉన్న పిల్లకి రెండు వాక్యాలు ఇవ్వలేకపోయాను.

సలోమి ఇప్పటికీ అదే క్వార్టరులో ఉంది. పార్లరు నడుస్తోంది. కుర్చీకి ఎదురుగా టీవీ పెట్టించింది. హిందీ సీరియల్ నడుస్తుంటుంది, ఆమె దారం లాగుతుంటుంది. ఎవరైనా పాతవాళ్లు ఏదైనా కథ చెప్పవే అంటే, నాకేం కథలొస్తాయి దీదీ అంటుంది. అక్కడ కూర్చుని కనుబొమలు తీయించుకుంటూ ఆ మాట వినేదాన్ని నేనే. వాళ్ల అమ్మాయి బళ్లో కథల పోటీకి పేరు ఇస్తానంటే, మనింట్లో అవి రావమ్మా, ఊరికే పరువు తీసుకోకు అంది. నా ముందే అంది. అని, అవునా అక్కా అన్నట్టు నాకేసి చూసింది.

నేను తల ఊపాను. ఊపానండి. అప్పటికి ఏళ్లు గడిచాయి, అసూయ లేదు, కోపం లేదు, సంతోషం కూడా లేదు. అలవాటుగా తల ఊగింది. మొదటిదానికంటే నన్ను ఎక్కువ కోసేది ఇదే. కడుపుమంటతో చేసినదానికి కడుపుమంట అని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను?

వీధిలో ఎవరికైనా ఏదైనా చదివించుకోవాలంటే సలోమే నా దగ్గరికి పంపుతుంది. అక్క దగ్గరికెళ్లండి, అక్క ఒక్కర్తే నాకు నిజం సెప్పింది, నేకపోతే ఇంకా నవ్వులపాలైపోదును అని చెబుతుంది. వాళ్లొచ్చి శుభలేఖ నా చేతిలో పెడతారు. నా మొహంకేసి చూస్తారు. ఇప్పుడు ఆ చూపు నేను భరించలేను. అయినా చదువుతాను. వద్దంటే ఎందుకని అడుగుతారు.

ఆమెకి చెప్పమంటారా? ఎన్నోసార్లు వెనక గుమ్మం దాకా వెళ్లాను. చెబితే ఏమవుతుంది? ఆమె కథలు ఆమెకి తిరిగొస్తాయా? రాకపోవచ్చు. అమ్మ పోయాక దొరికిందనుకున్న మనిషి కూడా పోతుంది. ఆమె కోసమే చెప్పడం లేదని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అది కూడా అబద్ధమే. ఈ వీధిలో నన్ను నిజాయితీపరురాలని అనే గొంతు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోలేను. అంత చౌకబారుదాన్ని.

అందుకే మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరు సలోమి కారు. లోపల కుళ్లుతున్నది బయటికి వచ్చింది. నిజంగానే తేలికగా ఉంది. ఆమెకి ఒక్క మాట కూడా తిరిగివ్వకుండా నాకు ఇంత తేలికగా ఉండటం ఎంత అన్యాయమో తెలుసు. అయినా ఉంది.

ఒక్క భయం మిగిలింది. ఇది ఎక్కడైనా అచ్చయి, ఎవరైనా భిలాయి సంగతే అని సలోమి చేతిలో పెట్టారనుకోండి. ఆమెకి చదవడం రాదు. కాగితం పట్టుకుని వెనక గుమ్మంలోంచి తిన్నగా నా దగ్గరికే వస్తుంది. గడప మీద కూర్చుని, మన సెక్టరు కోసం ఏటో రాసేరంట, సదువక్కా అంటుంది. నా మొహంకేసి చూస్తుంది. అప్పుడు ఉన్నదున్నట్టు చదువుతానని మీకు మాట ఇవ్వలేను.